కనిపించని కిటికీ

పిల్లలూ! గోడ లేదు, చట్రం లేదు, తలుపు రెక్కలు లేవు. అయినా ఒక కిటికీ వున్నది. పొడుగువాళ్ళు ఎదుట నిలబడితే అది పెద్దదవుతుంది; పొట్టివాళ్ళు నిలబడితే చిన్నదవుతుంది. ఎవరూ నిలబడకపోతే అసలు వుండనే వుండదు!

ఇదేమి పొడుపుకథ అనుకుంటున్నారు కాబోలు. పొడుపుకథ కాదు. సాఫ్ట్‌బాల్ ఆటలో నిత్యం వుండే కిటికీయే ఇది. దీని పేరు "స్ట్రైక్ జోన్". బంతి ఈ కిటికీలో నుంచి దూరిందా, పక్కనుంచి పోయిందా అని చెప్పే మనిషి అంపైరు. కంటికి కనపడని కిటికీలో నుంచి రెప్పపాటులో దూసుకుపోయే బంతిని ఆయన ఎలా కనిపెడతాడు? ఆయన మాటను రెండు పక్షాలవాళ్ళూ ఎందుకు నమ్మాలి? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం ప్రాంతాల బళ్ళలో చదివే పిల్లలకు క్రికెట్టు గురించి, కబడ్డీ గురించి చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌బాల్ మాత్రం కొందరికే తెలుసు. పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలలో ఈ ఆట కూడా వున్నది గనక మీలో కొందరు ఆడే వుంటారు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను.

మైదానంలో ఒక మూల తెల్లని రబ్బరు పలక నేలతో సమంగా పాతివుంటుంది. దానిని "హోం ప్లేట్" అంటారు. దాని పక్కన బ్యాటు పట్టుకున్న అమ్మాయి నిలబడుతుంది. ఎదురుగా 43 అడుగుల దూరంలో, అంటే సుమారు 13 మీటర్ల దూరంలో, పిచ్చరు నిలబడి చేతిని కిందినుంచి గిరుక్కున తిప్పి బంతి విసురుతుంది. క్రికెట్టులోలాగా బంతి నేలమీద పడి లేవదు, గాలిలోనే వస్తుంది. బ్యాటరు వెనక క్యాచరు గొంతుకు కూర్చుని వుంటుంది. ఆమె వెనక, ముఖానికి ముసుగు వేసుకుని, అంపైరు.

బ్యాటు వూపినా బంతి తగలకపోతే "స్ట్రైక్". కిటికీలో నుంచి పోయే బంతిని కొట్టకుండా వదిలేసినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే అవుట్. కిటికీ బయటినుంచి పోయిన బంతిని వదిలేస్తే అది "బాల్". నాలుగు బాల్స్ అయితే బ్యాటరు దర్జాగా నడుచుకుంటూ మొదటి బేసుకు వెళ్ళవచ్చు. బంతిని కొడితే మాత్రం పరుగెత్తాలి. ఒక్కొక్క బేసుకు మధ్య 60 అడుగులు. మూడు బేసులూ చుట్టి మళ్ళీ హోం ప్లేటుకు వస్తే ఒక పరుగు. ఒక్కొక్క పక్షానికి ఏడు ఇన్నింగ్సులు.

ఈ ఆట 1887లో అమెరికాలోని చికాగో నగరంలో పుట్టింది. ఒక పడవల క్లబ్బులో కాలక్షేపానికి చేరిన కుర్రాళ్ళు బాక్సింగు చేతితొడుగును తాడుతో బంతిలాగా చుట్టి, చీపురు కర్రతో కొట్టి ఆడారు. మన దేశంలో సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడింది. చరిత్ర ఇంతటితో చాలు, కిటికీ దగ్గరికి వద్దాం.

ఇప్పుడు ఇలా ఊహించుకోండి. ఆఖరి ఇన్నింగ్సు. ఒక్క పరుగు వస్తే సమానం. బ్యాటు పట్టుకున్న అమ్మాయికి అప్పటికే రెండు స్ట్రైకులు, మూడు బాల్స్ అయినాయి. బంతి వచ్చింది. మోకాలి దగ్గరగా, అంచు మీదుగా వచ్చింది. ఆమె కొట్టలేదు. బంతి క్యాచరు చేతిలో "టప్" మని పడింది. అంపైరు "స్ట్రైక్" అంటే ఆట అయిపోయినట్టే. "బాల్" అంటే ఆమె మొదటి బేసుకు నడుస్తుంది, ఆశ మిగిలి వుంటుంది. సంవత్సరమంతా ఎండలో చేసిన సాధన ఆ ఒక్క మాట మీద నిలబడింది. అమ్మాయి తప్పు చేయలేదు, పిచ్చరూ తప్పు చేయలేదు. ఇక చెప్పవలసింది అంపైరే.

కిటికీ కొలతలు ఇవి. హోం ప్లేట్ అయిదు మూలల పలక. మీరు చిన్నప్పుడు గీసే ఇంటి బొమ్మ ఆకారంలో వుంటుంది. దాని వెడల్పు 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు. కిటికీ వెడల్పు కూడా అంతే. కింది అంచు బ్యాటరు మోకాళ్ళ పైభాగం, పై అంచు ఆమె చంకలు. బంతి మొత్తం కిటికీలో నుంచి పోనవసరం లేదు, ఏ కాస్త భాగం దూరినా స్ట్రైకే. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు. మీ లెక్కల పుస్తకం తీసి వ్యాసం కట్టండి: దాదాపు 9.7 సెంటీమీటర్లు వస్తుంది. అటు ఒక బంతి, ఇటు ఒక బంతి కలుపుకుంటే, బంతికి దొరికే దారి వెడల్పు నిజానికి 62 సెంటీమీటర్ల పైచిలుకు! మైదానం అంచున కూర్చున్నవాళ్ళు "అదెలా స్ట్రైక్? పలక పక్కనుంచి పోయింది కదా!" అని అరవడానికి సగం కారణం ఈ లెక్క తెలియకపోవడమే.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాలలో కర్మాగారాలకు లెక్కలేదు. మీ ఇంట్లో ఎవరైనా యంత్రభాగాలు చేసేచోట పనిచేస్తూ వుంటే "గో గేజి, నో-గో గేజి అంటే ఏమిటి?" అని అడగండి. ఇనుపముక్కకు రంధ్రం తొలిచాక అది సరిగ్గా వున్నదో లేదో చూడడానికి రెండు కొనలున్న ఒక కడ్డీ వుంటుంది. ఒక కొన రంధ్రంలో దూరాలి. రెండవ కొన దూరకూడదు. రెండూ సరిపోతే ముక్క మంచిది, లేకపోతే పక్కన పడేస్తారు. ఎవరు పరీక్షించినా ఒకటే జవాబు వస్తుంది. తనిఖీదారుకు కోపం వచ్చినా, నిద్ర వచ్చినా కడ్డీ మారదు.

అంపైరుకు అలాంటి కడ్డీ లేదు. ఆయనకు కొలబద్ద బ్యాటరు శరీరమే. అది కూడా మనిషి మనిషికీ మారే కొలబద్ద!

దీనిమీద ఒక తమాషా జరిగింది. సాఫ్ట్‌బాల్‌కు అన్నగారైన బేస్‌బాల్‌లో కూడా ఇలాంటి కిటికీయే వున్నది. 1951 ఆగస్టు 19న అమెరికాలోని సెంట్ లూయీ జట్టు యజమాని బిల్ వీక్, ఎడ్డీ గేడెల్ అనే ఆయనను బ్యాటిచ్చి పంపించాడు. ఆయన ఎత్తు 3 అడుగుల 7 అంగుళాలు. చొక్కా మీద అంకె "1/8". అంపైరు ఆశ్చర్యపోయాడు. కాని ఒప్పందం కాగితం చూపించారు, అంతా సక్రమంగానే వున్నది! క్యాచరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిచ్చరు నాలుగు బంతులు వేశాడు. నాలుగూ కిటికీ పైనుంచి పోయాయి. గేడెల్ నవ్వుకుంటూ మొదటి బేసుకు నడిచాడు. మర్నాడు లీగు అధ్యక్షుడు ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. ఆ తరువాత గేడెల్ మళ్ళీ ఆ లీగులో ఆడలేదు.

"అయితే నేనూ వంగి కూర్చుంటాను, కిటికీ చిన్నదవుతుంది" అని మీలో ఎవరైనా అనుకుంటారేమో. ఆ పప్పులు ఉడకవు. మామూలుగా కొట్టడానికి నిలబడే తీరును బట్టే కిటికీ కొలత.

ఇక వేగం సంగతి. ముంబయి రహదారి మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సును చూశారు కదా. బాగా సాధన చేసిన పిచ్చరు విసిరే బంతి అంతే వేగంతో వస్తుంది. అంటే సెకండుకు 25 మీటర్లు. చేయి వదిలినప్పటినుంచి హోం ప్లేటు చేరడానికి అర సెకండు కూడా పట్టదు. ముందంచునుంచి వెనక మొన దాకా హోం ప్లేటు 43 సెంటీమీటర్లే గనక, బంతి కిటికీలో వుండే కాలం సెకండులో సుమారు 60వ వంతు! మనం ఒకసారి రెప్ప వేయడానికి కనీసం సెకండులో పదవ వంతు పడుతుంది. రెప్ప వేశాడంటే అంపైరు ఆ కిటికీని పూర్తిగా పోగొట్టుకున్నాడన్నమాట.

మరి ఎలా? మంచి అంపైరు మొదట నేర్చుకునేది చూడడం కాదు, నిలబడడం. ఆయన క్యాచరు వెనక నడిమధ్యన నిలబడడు. క్యాచరుకూ బ్యాటరుకూ మధ్యనున్న సందులో, క్యాచరు భుజం మీదుగా చూసేలాగ నిలబడతాడు. గడ్డం క్యాచరు తలకు కాస్త పైన వుండేటట్టు వంగుతాడు. పిచ్చరు చేయి తిరగడానికి ముందే వంగి, అక్కడ కదలకుండా ఆగిపోతాడు. బంతి వస్తున్నప్పుడు తల కదిలించడు. కనుగుడ్లే బంతి వెంట పోతాయి. తల కదిలితే కిటికీ కూడా కదులుతుంది మరి!

ఇంత పట్టింపు ఎందుకో మీ బడిలోని ప్రయోగశాల చెబుతుంది. కొలజాడీలో నీళ్ళు పోసి, పైనుంచి చూసి కొలత చెబితే మీ సైన్సు మాస్టారు ఏమంటారు? "కన్ను నీటిమట్టానికి దించవోయ్" అంటారు. పైనుంచి ఒక అంకె, కిందినుంచి ఒక అంకె కనపడతాయి. నీళ్ళు మారలేదు, కన్ను వున్న చోటు మారింది. కర్మాగారాలలో ఖచ్చితమైన మీటర్లకు ముల్లు వెనక చిన్న అద్దం అతికిస్తారు. ముల్లూ, దాని నీడా ఒకటిగా కనపడేటట్టు కన్ను పెట్టి చూస్తేనే సరైన అంకె. అంపైరు ఆ సందులో వంగడం కూడా అటువంటిదే. ఆయినా ఆయనకు కష్టమైన మూల ఒకటి మిగిలే వుంటుంది. బ్యాటరుకు దూరంగా వుండే అంచు మీదుగా కిందుగా పోయే బంతి అది. ఆయన కన్ను ఇవతలి అంచు దగ్గర వుంటుంది గనక అవతలి కింది మూల ఎప్పుడూ కాస్త సందేహమే.

ఇంకొక చిక్కు. బంతి తిన్నగా రాదు. గాలిలో పక్కకు తిరుగుతుంది, చివరిలో దిగజారుతుంది. హోం ప్లేటు మీద మోకాలి ఎత్తున కిటికీలో దూరి, ఆపైన కిందికి దిగి, క్యాచరు చేతికి దాదాపు నేలకు ఆనేటట్టు చిక్కవచ్చు. చూసేవాళ్ళకు అది కిందుగా పోయిన బంతిలాగా కనిపిస్తుంది. నియమం ప్రకారం అది స్ట్రైక్. కిటికీ వున్నది హోం ప్లేటు మీద, క్యాచరు చేతిలో కాదు. గడుసు క్యాచర్లకు ఈ సంగతి తెలుసు. బయటినుంచి పోయిన బంతిని పట్టుకుని, చేతిని మెల్లగా లోపలికి లాగి, "చూడండి, ఇక్కడే పడింది" అన్నట్టు అట్టే వుంచుతారు. అంపైరు ఆ చేతిని చూశాడా, మోసపోయాడే!

బంతి చేరగానే అంపైరు వెంటనే అరవడు. ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో బంతి వచ్చిన దారిని మనసులో మరొకసారి నడిపించుకుంటాడు. ఆ తరువాతే కుడిచేయి ఎత్తి "స్ట్రైక్!" అంటాడు. ముందు నోరు తెరిచి తరువాత ఆలోచించే అంపైరు ఆ మైదానానికి పెద్ద బెడద.

చూపు, చోటు, ఓపిక అన్నీ కుదిరినా మనసు ఒక్కొక్కసారి కొంటెపని చేస్తుంది. అమెరికా బేస్‌బాల్‌లో ప్రతి బంతి దారినీ కెమెరాలు నమోదు చేస్తాయి. ఆ లెక్కలను తీసుకుని ముగ్గురు ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశోధించి 2016లో ప్రచురించారు. అంచు మీద పడే బంతుల విషయంలో ఒక చిత్రం కనపడింది. ఇప్పుడే ఒక స్ట్రైక్ చెప్పిన అంపైరు, వెంటనే వచ్చిన అలాంటి బంతినే స్ట్రైక్ అనడానికి కాస్త వెనకాడుతున్నాడు! "ఇప్పుడే అటు చెప్పాను, ఈసారి ఇటు చెప్పాలి కాబోలు" అని తెలియకుండానే అనుకుంటాడన్నమాట. బొమ్మా బొరుసా ఆటలో మూడుసార్లు బొమ్మ పడితే నాలుగోసారి బొరుసే పడుతుందని మీరు పందెం కాయడం లేదూ? అదే భ్రమ. అమ్మానాన్నలకు కూడా ఈ సంగతి చెప్పండి. ఇద్దరు పిల్లల తగవు తీర్చేటప్పుడు "నిన్న అన్నయ్య వైపు చెప్పాను గనక ఇవాళ చెల్లి వైపు" అనడమూ ఇదే కోవలోది.

అందుకే ఆటగాళ్ళు అంపైరునుంచి ముఖ్యంగా కోరేది ఒకటి వున్నది. ఆయన కిటికీ ఒక వేలెడు పెద్దదైతే సర్దుకుంటారు, ఒక వేలెడు చిన్నదైనా సర్దుకుంటారు. కాని మొదటి ఇన్నింగ్సులో వున్న కిటికీయే ఏడవ ఇన్నింగ్సులోనూ వుండాలి. మనకు వున్నదే ఎదుటివాళ్ళకూ వుండాలి. నన్నడిగితే, అంపైరు గొప్పతనమంతా ఇందులోనే వున్నది.

ఇప్పుడు మొదటి బేసు దగ్గరికి పోదాం. అక్కడ మరొక అంపైరు వుంటాడు. బ్యాటరు బంతిని కొట్టి పరుగెత్తుతున్నది. అవతలివాళ్ళు బంతిని ఏరి బేసు మీద కాలు పెట్టి నిలబడిన అమ్మాయికి విసిరారు. బంతి ముందు చేరితే అవుట్, కాలు ముందు చేరితే సేఫ్. రెండూ దాదాపు ఒకేసారి చేరాయి! బంతిని చూస్తే కాలు కనపడదు, కాలిని చూస్తే బంతి కనపడదు. రెంటినీ ఒకేసారి చూడడానికి మనకు అటొక కన్ను ఇటొక కన్ను వున్న ఊసరవెల్లి కళ్ళు లేవు కదా.

అంపైర్లు దీనికి చక్కని ఉపాయం చేశారు. కన్ను కాలికి, చెవి బంతికి! బేసు మీద కాలు పడడం చూస్తూ, బంతి తొడుగులో పడే "టప్" చప్పుడు వింటారు. ఏది ముందో అదే తీర్పు.

కాని చప్పుడుకు ఒక లోపం వున్నది. సంగారెడ్డి మహబూబ్‌సాగర్ చెరువు ఈ గట్టున నిలబడి, దూరాన అవతల ఎవరైనా బండమీద బట్ట ఉతుకుతూ వుంటే గమనించండి. బట్ట బండకు తగలడం ముందు కనపడుతుంది. చప్పుడు తరువాత వినపడుతుంది. వెలుగు క్షణంలో వచ్చేస్తుంది. చప్పుడు సెకండుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. అంపైరు బేసుకు 18 అడుగుల దూరంలో, అంటే అయిదున్నర మీటర్ల దూరంలో వుంటే చప్పుడు ఆయన చెవికి చేరడానికి సెకండులో సుమారు 60వ వంతు పడుతుంది. సెకండుకు ఆరు మీటర్లు పరుగెత్తే అమ్మాయి ఆ కాలంలో 10 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఆయన 60 అడుగుల దూరంలో వుండిపోతే ఆమె 30 సెంటీమీటర్ల పైన పోతుంది. మైదానం అంచున 60 మీటర్ల దూరంలో కూర్చున్న మనకైతే ఆ చప్పుడు వచ్చేసరికి ఆమె ఒక మీటరు దాటిపోతుంది! చప్పుడును నమ్ముకున్న ప్రేక్షకుడికి ఎప్పుడూ కాలే ముందు చేరినట్టు తోస్తుంది. అతను "సేఫ్! సేఫ్!" అని అరుస్తాడు. దగ్గరనున్న అంపైరు పిడికిలి బిగించి "అవుట్" అంటాడు. ప్రేక్షకుడు అంపైరును తిడతాడు. తిట్టవలసినది దూరాన్ని!

అలాగని మరీ దగ్గరికి పోతే పాదం, బేసు, చేతితొడుగు మూడూ ఒక్క చూపులో ఇమడవు. అందుకని బంతి వచ్చే దారికి అడ్డంగా, పక్కనుంచి చూసేలాగ, పదిహేను పద్ధెనిమిది అడుగుల దూరం అంపైర్లకు నచ్చుతుంది. మన మెదడుకు మరొక బలహీనత కూడా వున్నది. కదిలే వస్తువు పక్కనే తళుక్కున ఒక వెలుగు మెరిస్తే, రెండూ ఒకే చోట వున్నా, కదిలే వస్తువు కాస్త ముందుకు పోయినట్టు కనపడుతుంది. రోమీ నిజావన్ అనే శాస్త్రవేత్త 1994లో ఈ సంగతిని ప్రచురించాడు. కంటికి కనపడిందల్లా అప్పటికప్పుడు వున్నదున్నట్టే అని అనుకోవడానికి వీల్లేదన్నమాట.

ఇంత జాగ్రత్తపడినా పొరపాటు జరగదా? జరుగుతుంది. 2010 జూన్ 2న అమెరికాలోని డెట్రాయిట్‌లో గలరాగా అనే బేస్‌బాల్ పిచ్చరు వరసగా 26 మందిని ఒక్కరినైనా బేసు చేరనీయకుండా అవుట్ చేశాడు. 27వ వాడు కూడా అవుటైతే అది వందేళ్ళ చరిత్రలో ఇరవై చిల్లర సార్లు మాత్రమే జరిగిన ఘనత. ఆ 27వ వాడు కొట్టిన బంతి మొదటి బేసుకు ముందే చేరింది. కాని ఎంతో అనుభవమున్న అంపైరు జిమ్ జాయిస్ చేతులు చాచి "సేఫ్" అన్నాడు. ఆట అయిపోయాక చిత్రం చూసుకుని ఆయన కుమిలిపోయాడు. తప్పు తనదేనని అందరి ముందూ చెప్పాడు. తీర్పు మాత్రం మారలేదు, ఘనత పోయింది. మర్నాడు ఆట మొదలయ్యేముందు ఆటగాళ్ళ జాబితా అంపైరు చేతికి ఇవ్వాలి. ఆ కాగితం పట్టుకుని వచ్చినవాడు గలరాగాయే. జాయిస్ కళ్ళు తుడుచుకుంటూ అందుకున్నాడు.

ఇదంతా పరదేశపు సంగతి అనుకోకండి. ఇలాంటి తీర్పుల విషయంలో మన హైదరాబాదువాడొకడు చరిత్రకెక్కాడు. అది సాఫ్ట్‌బాల్‌లో కాదు, క్రికెట్టులో. క్రికెట్టులో "ఎల్‌బీడబ్ల్యు" వున్నది కదా, బంతి వికెట్టుకు తగలకుండా కాలు అడ్డం వస్తే అవుట్ ఇచ్చే నియమం. అక్కడి కిటికీ కంటికి కనపడుతుంది: మూడు వికెట్లు కలిసి వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 28 అంగుళాలు. కాని సాఫ్ట్‌బాల్ అంపైరు జరిగినదాన్ని చెప్పాలి. క్రికెట్టు అంపైరు జరగనిదాన్ని చెప్పాలి! "ఈ కాలు లేకపోతే ఆ బంతి వికెట్టుకు తగిలి వుండేదా?" అన్నది ప్రశ్న. ఏ కష్టం పెద్దదో మీరే చెప్పండి.

పూర్వం టెస్టు ఆటలలో అంపైర్లు సాధారణంగా ఆతిథ్యమిచ్చే దేశంవాళ్ళే వుండేవారు. అందువల్ల ఓడిన పరదేశీయులు అంపైర్ల మీద అనుమానపడేవారు, తగవులయ్యేవి. ఈ మాట పడలేక 1986లో పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి, వెస్టిండీస్‌తో ఆటకు మూడవ దేశంనుంచి అంపైర్లను పిలిపించాడు. ఆ సంవత్సరం నవంబరులో లాహోరు మైదానంలోకి తెల్లకోట్లతో నడిచినవారు ఇద్దరు భారతీయులు: బొంబాయి పీలూ రిపోర్టర్, మన హైదరాబాదు వి. కె. రామస్వామి. ఆ రోజులలో పాకిస్తాన్ ఆటగాడి కాలికి బంతి తగిలితే అవుటని చెప్పడానికి లాహోరులో ఒక హైదరాబాదీ వేలెత్తడమంటే మాటలా! తమాషా ఏమిటంటే వాళ్ళను పిలిపించిన పాకిస్తానే ఆ ఆటలో మూడు రోజులలో ఇన్నింగ్సు 10 పరుగుల తేడాతో ఓడిపోయింది. అయినా అంపైర్ల పద్ధతి నచ్చింది. 1994నుంచి ప్రతి టెస్టులో ఒక అంపైరు మూడవ దేశంవాడు. 2002లో ఇద్దరూ బయటివాళ్ళే వుండాలన్న ఏర్పాటు వచ్చింది.

ఆ తరువాత యంత్రాలు కూడా వచ్చి చేరాయి. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, టీవీ చిత్రం చూసి మూడవ అంపైరు ఇచ్చిన తీర్పుతో మొదట రనౌట్ అయినవాడు ఎవరో తెలుసా? మన సచిన్ టెండూల్కరే! దక్షిణ కొరియా బేస్‌బాల్ లీగులో 2024నుంచి స్ట్రైకా బాలా అన్నది యంత్రమే నిర్ణయించి, అంపైరు చెవిలో చెబుతున్నది. అమెరికా పెద్ద లీగు 2026 ఆటల సంవత్సరంనుంచి మధ్యే మార్గం ఎంచుకున్నది: తీర్పు అంపైరుదే, నచ్చకపోతే ఆటగాడు నెత్తిమీద టోపీ తట్టి యంత్రాన్ని అడగవచ్చు. దాని కోసం ప్రతి ఆటగాడి ఎత్తునూ ముందుగానే కొలిచి పెడతారు. కిటికీ కింది అంచు ఎత్తులో నూటికి 27 వంతులు, పై అంచు నూటికి 53.5 వంతులు. అయిదడుగుల మనిషికి ఈ కిటికీ ఎక్కడనుంచి ఎక్కడిదాకా వుంటుందో మీరు కట్టి చూడండి.

సాఫ్ట్‌బాల్ ఆడే మన బళ్ళ మైదానాలలో అటువంటి యంత్రాలు లేవు. అక్కడ కిటికీ ఇంకా అంపైరు కళ్ళలోనే వున్నది. అది ఎలాంటి పనో మీకు తెలియాలంటే ఈ ఆదివారం ఇలా చేయండి.

గోడకు కాస్త ఎడంగా రెండు కర్రలు 43 సెంటీమీటర్ల దూరంలో పాతండి. మీ స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి, అతని మోకాళ్ళ ఎత్తున ఒక పురికొస, చంకల ఎత్తున ఒక పురికొస ఆ కర్రలకు అడ్డంగా కట్టండి. ఇప్పుడు కిటికీ కనపడుతున్నది. పది బంతులు వేయించి, చూసి, కంటికి అలవాటు చేసుకోండి. తరువాత కర్రలూ పురికొసలూ తీసేసి, కర్రల చోట నేలమీద సున్నంతో గీత గీయండి. స్నేహితుడు అక్కడే నిలబడాలి. ముగ్గురు అంపైర్లు కావాలి: ఒకడు వెనక వంగి, ఒకడు పక్కన, ఒకడు ముప్పై అడుగుల దూరాన. ఇరవై బంతులు వేయించండి. ముగ్గురూ ఒకరికొకరు చూపించుకోకుండా "లోపల", "బయట" అని కాగితం మీద రాసుకోవాలి. అమ్మగాని నాన్నగాని వెనకనుంచి ఫోనులో చిత్రం తీస్తే మరీ మంచిది. చివరకు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ముగ్గురూ ఒప్పుకోని బంతులు ఎన్నో, అవి కిటికీలో ఏ మూలకు వచ్చాయో బొమ్మ గీయండి. తరువాత చోట్లు మార్చుకుని మళ్ళీ ఆడండి.

టెన్నిసు బంతే వాడండి సుమా! సాఫ్ట్‌బాల్ పేరుకే మెత్తన.